పిల్లలు కేసుల్లో ఇరుక్కోకముందే: సియాటిల్ పరిశోధకుల పద్ధతిపై విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో పిల్లలతో పనిచేసే టీచర్లు, వార్డు సచివాలయ సిబ్బంది, స్వచ్ఛంద సంస్థలవాళ్ళు, సోషల్ వర్క్ చదివే విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఇక్కడ మాట్లాడేది అమెరికాలోని సియాటిల్‌లో పుట్టిన ‘కమ్యూనిటీస్ దట్ కేర్’ పద్ధతి గురించి: పేటవాళ్ళే కమిటీగా ఏర్పడి, పిల్లలను సర్వే చేసి, మత్తుకు, నేరానికి దారితీసే కారణాలను ముందే తగ్గించడం. పేటలో కుర్రాళ్ళు గంజాయికి, గొడవలకు అలవాటు పడుతున్నారని తెలియగానే ఏదో ఒకటి వెంటనే చేసేయాలనిపిస్తుంది. ఆ తొందరలో చేసిన పనుల్లో కొన్ని పిల్లలకు నష్టమే చేశాయని పరిశోధనలు తేల్చాయి. అందుకే జవాబులు కాస్త వివరంగా ఇస్తున్నాం.

‘కమ్యూనిటీస్ దట్ కేర్’ వెనుక ఉన్న పరిశోధకులు ఎవరు?

జె. డేవిడ్ హాకిన్స్, రిచర్డ్ కాటలానో. ఇద్దరూ అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ ప్రొఫెసర్లుగా పనిచేశారు. 1979లో అక్కడే సోషల్ డెవలప్‌మెంట్ రీసెర్చ్ గ్రూప్‌ను మొదలుపెట్టారు. పిల్లవాడు నేరం చేశాక ఏం చేయాలన్నది కాదు వాళ్ళ ప్రశ్న. గుండెజబ్బుకు బీపీ, పొగతాగడం లాంటి ముందస్తు ప్రమాదాలు ఉన్నట్టే నేరానికి, మత్తుకు కూడా ముందుగా కనిపించే కారణాలు ఉంటాయా, వాటిని తగ్గిస్తే ఫలితం మారుతుందా అని చూశారు. జానెట్ మిల్లర్‌తో కలిసి 1992లో ప్రచురించిన సమీక్షా వ్యాసంలో ఆ కారణాలన్నిటినీ ఒకచోట చేర్చారు. ఈ రంగంలో ఇప్పటికీ ఆ వ్యాసం దగ్గరే మొదలుపెడతారు.

తర్వాత ఈ పనిలో ఇంకొందరు చేరారు. విద్యార్థుల సర్వేను మైకేల్ ఆర్థర్ బృందం తయారుచేసింది. కార్యక్రమం కాగితం మీద ఉన్నట్టే జరుగుతోందా లేదా అన్నది అబిగైల్ ఫేగన్ చూశారు. ఖర్చు–లాభం లెక్కలు మార్గరెట్ కుక్లిన్‌స్కీవి.

ఇది పోలీసు కార్యక్రమమా?

కాదు. పోలీసులు కమిటీలో ఒక సభ్యులుగా ఉంటారు, అంతే.

‘ముప్పు కారణాలు’, ‘రక్షణ కారణాలు’ అంటే ఏమిటి? మన పేటల్లో అవి ఎలా కనిపిస్తాయి?

ముప్పు కారణాలను వాళ్ళు నాలుగు చోట్ల వెతికారు: పేట, ఇల్లు, బడి, స్నేహితులతో కలిపి పిల్లవాడి సొంత స్వభావం. మత్తు సులువుగా దొరకడం, తరచూ ఇళ్ళు మారడం పేటకు సంబంధించినవి. ఇంట్లో రోజూ గొడవలు, పిల్లవాడు ఎక్కడున్నాడో ఎవరూ అడగకపోవడం, ‘కుర్రాడన్నాక తాగడా’ అనే ధోరణి ఇంటికి చెందినవి. చదువులో వెనకబడటం, బడి మీద ఆసక్తి పోవడం మూడో చోట వస్తాయి. చెడు అలవాట్లున్న స్నేహితులు, చాలా చిన్న వయసులో మొదటిసారి రుచి చూడటం నాలుగోది.

విశాఖలో వీటిని విడదీసి చూడాలి. ఫిషింగ్ హార్బర్ దగ్గర పేటల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఇంటికి రాబడి ఉండదు, సరిగ్గా అప్పుడే బడులకు సెలవులు. గాజువాక, మల్కాపురం వైపు పని కోసం వలస వచ్చి అద్దె ఇళ్ళు మారే కుటుంబాలు ఎక్కువ. రైల్వే స్టేషన్ పరిసరాల్లో తిరిగే చిన్నపిల్లలకు గంజాయి కన్నా ముందు చేతికొచ్చేవి మత్తు కోసం పీల్చే వైట్నర్, పంక్చర్ సొల్యూషన్. ఒకే ఊరే అయినా పేటకో సమస్య ఉంటుంది. ఊరంతటికీ ఒకే కార్యక్రమం పెడితే డబ్బు దండగ.

రక్షణ వైపు ఈ పరిశోధకులు చెప్పే వరుస ఇది: పిల్లవాడికి పనికొచ్చే అవకాశం ఇవ్వాలి, దాన్ని చేయడానికి నైపుణ్యం నేర్పాలి, చేశాక గుర్తించి మెచ్చుకోవాలి. అప్పుడు ఆ ఇంటితో, ఆ బడితో అనుబంధం ఏర్పడుతుంది. అనుబంధం ఉన్నచోట పెద్దలు స్పష్టంగా పెట్టిన హద్దును పిల్లవాడు పట్టించుకుంటాడు. మనవాళ్ళు సాధారణంగా చివరి మెట్టు, అంటే హద్దు పెట్టడం, ఒక్కటే పట్టుకుంటారు. మొదటి మూడూ లేకుండా అది నిలవదు.

ఇది నిజంగా పనిచేస్తుందని రుజువు ఉందా?

ఉంది, పరిమితులతో.

మొదట సియాటిల్ బడుల్లో 1981లో ఈ పరిశోధకులదే ఒక ప్రాజెక్టు మొదలైంది. ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా టీచర్లకు తరగతి నిర్వహణలో, తల్లిదండ్రులకు పెంపకంలో, పిల్లలకు మాటతో గొడవ తీర్చుకోవడంలో శిక్షణ ఇచ్చారు. 1985 నుంచి 808 మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. 18 ఏళ్ళ వయసులో అడిగితే, హింసాత్మకమైన పనులు చేశామన్నవాళ్ళు ఈ శిక్షణ లేని బృందంలో 59.7 శాతం, పూర్తిగా అందుకున్న బృందంలో 48.3 శాతం. ఐదు, ఆరు తరగతుల్లో మాత్రమే అందుకున్నవాళ్ళలో ఇంత మార్పు రాలేదు. తొమ్మిదో తరగతిలో మొదలుపెడదాం అనుకునేవాళ్ళు ఈ ఒక్క విషయం దగ్గర ఆగి ఆలోచించాలి. అయితే ఆ పిల్లలను లాటరీ తీసి విడదీయలేదు కాబట్టి దీన్ని గట్టి ప్రయోగం అనలేం.

‘కమ్యూనిటీస్ దట్ కేర్’ మీదే 2003లో మొదలైన రెండో అధ్యయనంలో ఆ లోటు తీర్చారు. ఏడు రాష్ట్రాల్లో 24 చిన్న, మధ్యతరహా పట్టణాలను జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదాన్ని లాటరీతో ఎంపిక చేశారు. 4,407 మంది పిల్లలను ఐదో తరగతి నుంచి గమనించారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి కార్యక్రమం ఉన్న పట్టణాల పిల్లలు సిగరెట్, మద్యం, చిన్నచిన్న నేరాలు మొదలుపెట్టడం స్పష్టంగా తగ్గింది. పన్నెండో తరగతిలో కూడా అసలు ఎప్పుడూ ముట్టనివాళ్ళ శాతం అక్కడే ఎక్కువ. కానీ ‘గత నెలలో వాడారా’ అని అడిగితే రెండు వైపులా తేడా కనిపించలేదు. అంటే ఇది మొదలుపెట్టకుండా ఆపడంలో బలమైనది. అప్పటికే అలవాటైన కుర్రాడికి ఇది వైద్యం కాదు, అతనికి డీఅడిక్షన్ సేవలు కావాలి.

ఆ పట్టణాల జనాభా 50 వేలు దాటదు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటే ఈ రుజువు మనకు వర్తించదు. ఒక వార్డు గాని, పక్కపక్కన ఉన్న రెండు మూడు వార్డులు గాని సరైన కొలత.

పద్ధతిలో మెట్లు ఏమిటి?

ఐదు. స్థానిక పెద్దల మద్దతు కూడగట్టడం, కమిటీ వేసుకోవడం, సర్వే చేసి పేట పరిస్థితి తెలుసుకోవడం, ప్రణాళిక రాయడం, అమలుచేసి కొలవడం. ప్రణాళికలో రెండు నుంచి ఐదు ముప్పు కారణాలను మాత్రమే ఎంచుకోవాలి. కమిటీలో గొడవంతా ఇక్కడే వస్తుంది, ఎవరి కారణం వాళ్ళకు ముఖ్యం. సర్వే అంకెలు బల్ల మీద పెట్టి, వాటి ప్రకారమే తేల్చాలి. అలా తేల్చడానికే సర్వే ముందు, ప్రణాళిక తర్వాత.

సర్వేలో పిల్లలు నిజం చెబుతారా?

పేరు బయటపడదని నమ్మితే చాలావరకు చెబుతారు. ఆ నమ్మకాన్ని చెడగొట్టేవి చిన్న చిన్న విషయాలే.

బెంచీకి ముగ్గురు కూర్చుంటే ఎవరూ నిజం రాయరు. బెంచీకి ఒకరు, తప్పనిసరైతే రెండు చివర్లా ఇద్దరు. క్లాస్ టీచర్ గదిలో ఉండవచ్చు గాని, బల్లల మధ్య తిరగకూడదు. కాగితాలు క్లాస్ లీడర్ చేత పోగుచేయించకూడదు. పిల్లలే మడిచి, ముందు పెట్టిన సీలు వేసిన పెట్టెలో వేయాలి. అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి. అమెరికాలో ఒక పీరియడ్‌లో, సుమారు 50 నిమిషాల్లో అయిపోతుంది. మన ప్రభుత్వ బడుల్లో చదవడంలో వెనకబడినవాళ్ళు ఉంటారు కాబట్టి వరుసగా రెండు పీరియడ్లు అడగండి, ప్రతి ప్రశ్నా పైకి చదివి వినిపించండి. మొదట ఇలా చెప్పండి:

“దీని మీద మీ పేరు రాయొద్దు. రోల్ నంబరు కూడా వద్దు. ఇది పరీక్ష కాదు, మార్కులు లేవు. ఇష్టం లేని ప్రశ్న వదిలేయండి. అసలు రాయాలని లేకపోతే ఖాళీ కాగితమే మడిచి పెట్టెలో వేసేయండి, ఎవరూ అడగరు.”

చివరి వాక్యం మరవద్దు. రాయనివాడు లేచి బయటికి వెళ్ళాల్సి వస్తే తరగతంతా అతనివైపే చూస్తుంది.

గొప్ప కోసం టిక్కులు పెట్టేవాళ్ళను ఏరడానికి అసలు సర్వేలోనే ఒక ఉపాయం ఉంది: లోకంలో లేని మత్తుమందు పేరొకటి కలుపుతారు. దాన్ని వాడామన్నవాళ్ళ కాగితాలు లెక్కలోంచి తీసేస్తారు. మనం పెట్టే పేరు మెడికల్ షాపులో దొరికే ఏ మాత్ర పేరులానూ ఉండకూడదు, లేకపోతే నిజాయితీగా పొరబడిన పిల్లలు కూడా ఎగిరిపోతారు.

ముందుగా అదే వయసు పిల్లలు పదిమందితో ప్రశ్నలు చదివించి, ఏం అర్థమైందో వాళ్ళ మాటల్లో చెప్పించుకోండి. ‘మీ పరిసర ప్రాంతాల్లో మాదకద్రవ్యాల లభ్యత’ అని అడిగితే తెల్లముఖం వేస్తారు. ‘మీ వీధిలో ఒక కుర్రాడికి గంజాయి కావాలంటే దొరకడం ఎంత సులువు?’ అంటే వెంటనే జవాబు వస్తుంది.

ఎంతమందిని అడగాలి?

వచ్చే శాతం ఐదు పాయింట్లు అటూ ఇటూగా నమ్మదగినది కావాలంటే లెక్క ప్రకారం 384 మంది. కానీ మనం పిల్లలను ఒక్కొక్కరుగా కాక సెక్షన్లవారీగా ఎంచుతాం. ఒకే గదిలోని పిల్లలు ఒకరిలా ఒకరు ఉంటారు కాబట్టి ఆ సంఖ్యను రెట్టింపు చేయాలి: 768. ఆ రోజు ఐదుగురిలో ఒకరు రారనుకుంటే జాబితాలో 960 మంది ఉండాలి, అంటే నలభైమంది సెక్షన్లు 24.

బడికి రానివాళ్ళే మనకు అన్నిటికన్నా ముఖ్యం. వారంలోపు మళ్ళీ వెళ్ళి, మొదటిసారి రానివాళ్ళచేత రాయించండి. బడి మానేసి పూర్ణా మార్కెట్‌లో మూటలు మోసేవాడు, మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు ఈ సర్వేలో ఉండరు. వాళ్ళ కోసం వేరే పద్ధతి, విడి బడ్జెట్ పెట్టాలి. సర్వేకు ఆగస్టు గాని, నవంబరు చివర నుంచి డిసెంబరు మధ్య దాకా గాని అనువైన కాలం. దసరా, సంక్రాంతి సెలవుల చుట్టుపక్కల హాజరు పడిపోతుంది, ఆ తర్వాత పదో తరగతివాళ్ళు పరీక్షల హడావుడిలో ఉంటారు.

ఎవరి అనుమతి కావాలి?

ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు హాని జరగకుండా చూసే కమిటీ) ఉన్న విశ్వవిద్యాలయంతోనో మెడికల్ కాలేజీతోనో కలిసి వెళ్ళండి. కమిటీ ఆమోదం, ఆ తర్వాత జిల్లా విద్యాశాఖాధికారి అనుమతి, తర్వాత ప్రధానోపాధ్యాయుల అంగీకారం. ఈ వరుస తలకిందులైతే మళ్ళీ మొదటికొస్తుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతితోపాటు పిల్లల సొంత అంగీకారం కూడా కావాలి. 12 ఏళ్ళు దాటినవాళ్ళది రాతపూర్వకంగా తీసుకోవాలి. సంతకం చేసిన ఆ కాగితం సర్వే పెట్టెలో పడకూడదు, దానికి వేరే కవరు పెట్టండి.

పిల్లవాడు నాకు ఏదైనా చెప్పేస్తే పోలీసులకు చెప్పాలా?

లైంగిక వేధింపు విషయమైతే తప్పదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివారూ ఫిర్యాదు చేయాలి. అందుకే మాట్లాడించే ముందే “నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను, కానీ నీకు ప్రాణహాని ఉందనో, ఎవరైనా నీతో చెడ్డగా ప్రవర్తించారనో తెలిస్తే మాత్రం సాయం పిలవాల్సి వస్తుంది” అని స్పష్టంగా చెప్పండి. ‘ఏదైనా చెప్పు, రహస్యంగా ఉంచుతా’ అని మాటిచ్చి తప్పడం పిల్లవాడికి చేసే ద్రోహం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు కాగితం అడుగున అచ్చువేయండి.

ఒక పిల్లవాడితో ఎవరైనా గంజాయి పొట్లాలు మోయిస్తున్నారని తెలిస్తే నేరం పెద్దవాళ్ళది. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ పిల్లలకు మత్తు ఇచ్చినవాళ్ళకు, 78వ సెక్షన్ పిల్లలతో అమ్మించినవాళ్ళకు, మోయించినవాళ్ళకు ఏడేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా చెబుతున్నాయి.

‘ముప్పు ఉన్న పిల్లల జాబితా’ స్టేషన్‌కు ఇస్తే నిఘా పెడతారు కదా?

ఇవ్వకండి. ఏ పరిస్థితిలోనూ ఇవ్వకండి. ఈ పద్ధతి పేటను కొలుస్తుంది, పిల్లవాడిని కాదు. ముప్పు కారణాలు ఎక్కువ ఉన్న పిల్లల్లో కూడా చాలామంది ఏ నేరమూ చేయకుండా పెద్దవాళ్ళవుతారు. పన్నెండేళ్ళవాడి పేరు ఒక జాబితాలో ఎక్కితే, రేపు వీధిలో ఏ సైకిల్ పోయినా ముందు వాడి ఇంటి తలుపే కొడతారు. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఏ కేసూ లేని పిల్లవాడికి అంతకన్నా తక్కువ రక్షణ ఇస్తామా?

ఫలితాలు ప్రకటించేటప్పుడు కూడా పదిమంది కన్నా తక్కువ ఉన్న ఏ బృందం అంకె విడిగా ఇవ్వకండి. ‘ఫలానా పేట పిల్లలు మత్తులో’ అని వార్త వస్తే ఆ చిరునామాతో ఉద్యోగానికి వెళ్ళిన ప్రతి కుర్రాడూ దాని ఫలితం అనుభవిస్తాడు.

జైలు చూపించి భయం పెడితే బుద్ధి రాదా?

రాదు. ఇంకా చెడుతుంది. అడవివరం సెంట్రల్ జైలుకు తీసుకెళ్దాం అనే ప్రతిపాదన ఏదో ఒక మీటింగులో వస్తూనే ఉంటుంది. న్యూజెర్సీలోని రాహ్‌వే జైల్లో 1970లలో సరిగ్గా ఇదే చేశారు. జీవిత ఖైదీలు పిల్లల మీద అరిచి భయపెట్టేవారు. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఫింకెనావర్ పరిశీలిస్తే, వెళ్ళొచ్చినవాళ్ళలో 41 శాతం ఆరు నెలల్లో మళ్ళీ నేరం చేశారు. వెళ్ళనివాళ్ళలో అది 11 శాతం. తర్వాత ఆంథొనీ పెట్రోసినో బృందం ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసింది. ఏమీ చేయకుండా ఉండటం కన్నా ఇది హానికరం అని తేలింది.

దారి తప్పిన కుర్రాళ్ళందరినీ ఒకచోట చేర్చి క్యాంపు పెడితే?

చాలా జాగ్రత్త. టామ్ డిషియన్ ఓరెగాన్‌లో కుర్రాళ్ళ సంభాషణలను వీడియో తీసి చూశారు. ఒకడు తను చేసిన తప్పుడు పని చెబుతాడు, పక్కవాడు నవ్వుతాడు. ఆ నవ్వే వాడికి బహుమతి. అలాంటివాళ్ళనే పదిమందిని ఒక గదిలో కూర్చోబెడితే, ఎదురుగా కౌన్సెలర్ ఉన్నా సరే, నవ్వులు పదింతలవుతాయి.

ఇంకా పాత ఉదాహరణ మసాచుసెట్స్‌లోది. 1939లో రిచర్డ్ కేబట్ మొదలుపెట్టిన అధ్యయనంలో 506 మంది మగపిల్లలను రెండు బృందాలుగా చేసి, ఒక బృందానికి సుమారు ఐదేళ్ళు కౌన్సెలర్లను, ట్యూషన్లను, వేసవి క్యాంపులను ఇచ్చారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ వాళ్ళను వెతికి పట్టుకున్నారు. సాయం అందినవాళ్ళలో చాలామంది అది తమకు మేలు చేసిందనే చెప్పారు. రికార్డులు చూస్తే మద్యపానం, మళ్ళీ మళ్ళీ నేరాలు, తొందరగా చనిపోవడం వాళ్ళలోనే ఎక్కువ. ఒకటికి మించి క్యాంపులకు వెళ్ళినవాళ్ళ పరిస్థితి మరీ ఘోరం. ‘పిల్లలకు నచ్చింది’ అనే ఫీడ్‌బ్యాక్ ఫారం రుజువు కాదని ఇంతకన్నా గట్టిగా చెప్పిన అధ్యయనం లేదు.

క్యాంపు పెట్టాల్సిందే అయితే మామూలు పిల్లల బృందంలో ఇద్దరు ముగ్గురిని కలపండి, ఖాళీ సమయం తక్కువ ఉంచండి.

వాలీబాల్ కిట్లు ఇస్తే సరిపోదా?

ఆట మంచిదే. నేర్పే పెద్దమనిషి రోజూ వస్తేనే. నెట్ కట్టి వదిలేస్తే అది కూడా ఖాళీ సమయమే.

మరి మనకు పనికొచ్చేవి ఏవి?

మూడు చెబుతాం. షికాగోలో ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమంలో కుర్రాళ్ళు వారానికోసారి బడిలోనే కలుస్తారు. జతల్లో ఒకడికి బంతి ఇచ్చి, రెండోవాడిని ముప్ఫై సెకన్లలో దాన్ని తీసుకోమంటారు. అందరూ పిడికిలి విప్పడానికి పెనుగులాడతారు. అయ్యాక నడిపే వ్యక్తి అడుగుతాడు: బంతి ఇవ్వమని ఎవరైనా అడిగారా? అడిగితే ఇచ్చేవాడినే అని ఎదుటివాడు అంటాడు. చేయి లేవకముందు ఒక్క క్షణం ఆగడం ఇలా నేర్పుతారు. షికాగో విశ్వవిద్యాలయ క్రైమ్ ల్యాబ్ లాటరీ పద్ధతిలో చూస్తే, జరిగిన కాలంలో హింసా నేరాల అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి. మొదటి అధ్యయనంలో, కార్యక్రమం ఆగాక అరెస్టుల్లో తేడా నిలవలేదు. కాబట్టి ఒక్క ఏడాదితో ఆపే ఉద్దేశంతో మొదలుపెట్టవద్దు.

రెండోది వేసవి పని. సారా హెల్లర్ 2014లో ప్రచురించిన షికాగో అధ్యయనంలో 1,634 మంది ఉన్నారు. ఎంపికైనవాళ్ళకు ఎనిమిది వారాలు, వారానికి 25 గంటల జీతం పని ఇచ్చారు. తర్వాతి 16 నెలల్లో హింసా నేరాల అరెస్టులు 43 శాతం తగ్గాయి. ఇది మనకు బాగా సరిపోతుంది. మన బాల, కౌమార కార్మిక చట్టం ప్రకారం 14 నుంచి 18 ఏళ్ళవాళ్ళు ప్రమాదకరం కాని పనులు చేయవచ్చు. మూడు గంటలకోసారి గంట విశ్రాంతి, విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలు మించకూడదు, రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది దాకా పని వద్దు. అంటే రోజుకు ఐదు గంటలు, వారానికి ఐదు రోజులు: అవే 25 గంటలు. వేట నిషేధ కాలంలో జాలారి కుటుంబాల పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు లైబ్రరీలో, నర్సరీలో, పార్కులో ఇలాంటి పని దొరికితే ఇంటికి రాబడీ, కుర్రాడికి గౌరవమూ. జీతం వారంవారం ఇవ్వాలి. నెలాఖరుదాకా ఆపితే రెండో వారంలోనే మానేస్తారు.

మూడోది మన దేశానిదే. బీహార్‌లోని నలంద జిల్లాలో విక్రమ్ పటేల్ తదితరులు చేసిన ‘సెహెర్’ అధ్యయనం 2018లో వచ్చింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉన్న టీచర్లతో, కొన్నిటిలో ఇందుకోసమే నియమించిన, వృత్తి నిపుణులు కాని కౌన్సెలర్లతో నడిపారు. కౌన్సెలర్ ఉన్న బడుల్లో వాతావరణం మెరుగై, ఏడిపించడం, కొట్లాటలు తగ్గాయి. టీచర్లకు అప్పగించిన చోట మార్పు లేదు. కాబట్టి ‘టీచర్లే చూసుకుంటారు’ అని బడ్జెట్‌లో జీతం సున్నా వేయకండి.

ఖర్చెంత, ఎన్నాళ్ళు?

కుక్లిన్‌స్కీ 2012లో వేసిన లెక్కలో ఒక డాలరుకు 5.30 డాలర్ల లాభం తేలింది. అది అమెరికా జైళ్ళ, ఆసుపత్రుల ఖర్చు ఆధారంగా వేసింది, రూపాయల్లోకి మార్చి దరఖాస్తులో రాయకండి. కాలం మాత్రం ఎక్కడైనా ఒకటే: ముప్పు కారణాల్లో మార్పుకు రెండు నుంచి ఐదేళ్ళు, నేరాల్లో మార్పుకు ఐదు నుంచి పదేళ్ళు. పూర్తికాలం పనిచేసే ఒక కోఆర్డినేటర్ తప్పనిసరి. వేరే ఉద్యోగం మీద అదనపు బాధ్యతగా ఇస్తే ఆరు నెలల్లో కమిటీ కూర్చోవడం మానేస్తుంది.

పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

పోలీసు కేసుల సంఖ్యతో మాత్రం కాదు. గస్తీ పెరిగితే కేసులు పెరుగుతాయి, పిల్లలు మారారని కాదు. రెండేళ్ళకోసారి అవే ప్రశ్నలు, అవే తరగతులు, అదే నెల. ఒక వార్డును ఇంకో వార్డుతో పోల్చి గెలిచామనుకోవద్దు. మధ్యలో ఒకచోట వైన్ షాపు తెరిచినా, హైస్కూలు మూసినా అంకె మారుతుంది. అందుకే సియాటిల్ వాళ్ళకు 24 పట్టణాలు కావలసి వచ్చాయి. అన్ని వార్డులకూ ఒకేసారి డబ్బు లేకపోతే వరుసను చీటీలు వేసి నిర్ణయించండి. ఆలస్యంగా మొదలయ్యేవి పోలికకు ఉపయోగపడతాయి, ఎవరికీ అన్యాయమూ జరగదు. ప్రతి పది సెషన్లలో ఒకదానికైనా బయటి మనిషి వెనక బెంచీలో కూర్చుని, పాఠంలో ఏ భాగాలు జరిగాయో, ఏవి ఎగ్గొట్టారో టిక్కు పెట్టాలి.

కమిటీ లేదు, నిధుల్లేవు. ప్రాథమిక పాఠశాలలో ఒక్క టీచర్‌ని. నేనేం చేయగలను?

సియాటిల్‌లో మొదలైంది మీలాంటి తరగతుల్లోనే. ఏడాది మొదట్లో నియమాలు నాలుగైదే పెట్టి, రెండు మూడు రోజులు పాఠంలా నేర్పండి. వెనకబడిన పిల్లవాడిని నలుగురి జట్టులో వేసి, వాడు చేయగల భాగం వాడికే ఇవ్వండి. జట్టంతా కలిసి మార్కు తెచ్చుకోవాలి. మెచ్చుకునేటప్పుడు ‘శభాష్’ అని ఊరుకోకుండా ఏం చేశాడో చెప్పండి: “లెక్క తప్పొచ్చినా చెరిపి మళ్ళీ వేశావు నాన్నా”. నెలకోసారి, ఫిర్యాదు లేనప్పుడు, వాళ్ళమ్మకు ఫోన్ చేసి పిల్లవాడు బాగా చేసిన పని ఒకటి చెప్పండి. మొదటి ఫోన్‌కు చాలామంది తల్లులు “ఏం చేశాడండీ మళ్ళీ?” అని కంగారుపడతారు. రెండో నెలా, మూడో నెలా కూడా చేయండి.